కుక్క నోట్లోంచి బయటపడ్డ పెట్ట బతుకుతుందా?

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల పెట్ట ఉంది. పిల్లగా ఉన్నప్పటి నుంచి మా చేతుల్లోనే పెరిగింది, పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. మొన్న సాయంత్రం పక్కింటి కుక్క గేటు కింద సందులోంచి దూరి, దాన్ని నడుం దగ్గర కరిచి పట్టుకుని రెండు మూడు సార్లు విదిలించింది. నేను అరుచుకుంటూ వెళ్లి నోట్లోంచి లాగేశాను. ఆ పెనుగులాటలో నా వేలికి కుక్క పన్ను కాస్త గీరుకుంది, అది పెద్ద లెక్కలోది కాదు. పెట్ట మెడ వాల్చేసి పడి ఉంటే చచ్చిపోయిందనే అనుకున్నాం. కాసేపటికి కళ్లు తెరిచింది. వీపు మీద దాదాపు అరచేయంత చర్మం ఊడి, కండ కనిపిస్తోంది. తోకలో సగం ఈకలు లేవు. కుడి రెక్క కింద రెండు చిన్న రంధ్రాలున్నాయి, వాటిలోంచి రక్తం పెద్దగా రాలేదు. ఇంట్లో ఉన్న యాంటిసెప్టిక్ పౌడర్ బాగా చల్లి, ఒంటి చుట్టూ గుడ్డ గట్టిగా కట్టాం. ఇవాళ రెండో రోజు. నీళ్లు తాగుతోంది కానీ మేత ముట్టడం లేదు. రెట్ట ఆకుపచ్చగా పడుతోంది. గాయం చుట్టూ చర్మం కూడా ఆకుపచ్చగా మారింది, కుళ్లిపోతోందేమోనని టెన్షన్‌గా ఉంది. మా అత్తగారేమో "కోడికింత హంగామా ఎందుకు, అది బతికేది కాదు" అంటున్నారు. మా అమ్మాయి దాని పక్క నుంచి లేవడం లేదు. పెట్ట బతుకుతుందా? ఇంట్లోనే చూసుకోవచ్చా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలా? మిగతా కోళ్లతో మళ్లీ ఎప్పుడు కలపాలి?

సమాధానం: పెట్ట సంగతి తర్వాత. ముందు మీ వేలు చూపించుకోండి. లెక్కలోది కాదని మీరు రాసిన ఆ గీతే ఈ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. కుక్క పన్ను తగిలి చర్మం గీరుకుపోతే, రక్తం కారకపోయినా సరే, దాన్ని కాటుగానే లెక్కించాలి. సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. రెండు రోజులైపోయిందని వదిలేయకండి, ఇప్పుడైనా కడిగి, ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్లి రేబిస్ టీకా గురించి, ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు, అంతకు ముందు వేయించుకున్న టీకాయే దిక్కు. ఆ కుక్కకు టీకాలు వేయించారో లేదో పక్కింటివాళ్లను అడగండి. వాళ్ల జవాబు కోసం ఎదురుచూస్తూ మాత్రం కూర్చోకండి. పెట్టను ముట్టుకునేటప్పుడు మీరూ మీ అమ్మాయీ గ్లవ్స్ వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పెట్టకు రేబిస్ వస్తుందన్న భయం మాత్రం పెట్టుకోకండి. అది పాలిచ్చి పెంచే జంతువులకు వచ్చే జబ్బు.

ఇక పెట్ట. దాడి జరిగాక రెండో రోజున తలెత్తి నీళ్లు తాగుతోందంటే అది మంచి కబురే. కుక్క నోట్లో పడ్డ కోళ్లలో చాలావాటి ప్రాణం తొలి కొన్ని గంటల్లోనే పోతుంది. లోపల రక్తం పోయి కొన్ని, షాక్‌తో కొన్ని. మీ పెట్ట ఆ గండం దాటింది. మెడ వాల్చేసి పడి ఉండటానికి కూడా ఒక కారణం ఉంది. వేటాడే జంతువుకు చిక్కినప్పుడు కోడి ఒళ్లు బిగుసుకుపోయి కదలక మెదలక ఉండిపోతుంది, చచ్చినదాన్ని అనుకుని పట్టు వదిలితే తప్పించుకోవచ్చని. అలా పడి ఉన్న కోడిని చచ్చిందనుకుని తీసి పారేసేవాళ్లూ ఉంటారు. మీరు ఆగి చూశారు.

అయితే గండాలన్నీ గడిచిపోలేదు. ఇంట్లో అందరి కళ్లూ వీపు మీది పెద్ద గాయం మీదే ఉన్నట్టున్నాయి. చూడటానికి భయంకరంగా ఉంటుంది, నిజమే. కానీ నాకు దాని మీద అంత బెంగ లేదు. నా బెంగంతా రెక్క కింద ఉన్న ఆ రెండు చిన్న రంధ్రాల మీద. కుక్క కోరపన్ను గుచ్చుకున్న చోట పైన కనిపించేది చిన్న చిల్లే. పట్టుకుని విదిలించినప్పుడు ఆ పన్ను లోపల కండను చీల్చుతుంది, చర్మాన్ని కండ నుంచి ఊడదీస్తుంది. దానితో పాటు నోట్లోని క్రిములను లోతుగా దించి వస్తుంది. పైన చిల్లు తొందరగా మూసుకుపోతుంది, అవి లోపల హాయిగా పెరుగుతాయి. ఇన్ఫెక్షన్ సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. మీరిప్పుడు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లాలా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: వెళ్లాలి, ఇవాళే. గీరుకుపోయిన గాయమైతే ఇంట్లో చూసుకోవచ్చు. పన్ను దిగిన గాయానికి నోటి ద్వారా గానీ సూది ద్వారా గానీ యాంటిబయాటిక్ కావాలి, పైన ఎంత పూసినా అది లోపలికి చేరదు. కోళ్లను, పక్షులను చూసే పశువైద్యులు దొరికితే మరీ మంచిది. దొరక్కపోతే కుక్కలను, పశువులను చూసేవారైనా సరే, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

బయలుదేరే ముందు ఒక పని చేయండి. ఆ కట్టు విప్పేయండి.

మనం ఊపిరి తీసుకోవడానికి రొమ్ముకూ పొట్టకూ మధ్య ఒక కండర పొర ఉంటుంది. కోడికి అది లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. ఒంటి చుట్టూ గుడ్డ బిగించి కడితే ఆ ఎముక కదలదు. మందులన్నీ సరిగ్గా పడుతున్నా, కట్టు బిగుసుకుని ఊపిరాడక పోయే కోళ్లుంటాయి. ఎత్తుకునేటప్పుడూ అంతే. రెక్కలను ఒంటికి ఆనించి, కింద నుంచి అరచేయి పెట్టి ఎత్తండి, రొమ్మును నొక్కి పట్టుకోవద్దు. గుడ్డ గాయానికి అతుక్కుని ఉంటే లాగేయకండి. గోరువెచ్చని సెలైన్‌తో నానబెట్టి, దానంతటది వదిలేదాకా ఓపిక పట్టండి.

సెలైన్ అంటే గాయాలు కడిగే ఉప్పునీళ్లే. ఒక లీటరు నీళ్లు మరిగించి, 9 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన ఒకటిన్నర టీస్పూన్లు కలిపి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చండి. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి దగ్గర పెట్టుకోండి.

ముందు గాయం అంచుల్లో రక్తంతో ఉండ కట్టిన ఈకలను చిన్న కత్తెరతో చర్మానికి కాస్త పైనుంచి కత్తిరించండి. పీకవద్దు. అక్కడి చర్మం కాగితమంత పలచగా ఉంటుంది, ఒక్క ఈక లాగితే దానితో పాటు చర్మం చీలి వస్తుంది. కొత్తగా మొలుస్తున్న ఈకల జోలికి అసలు వెళ్లకండి. కాడ నీలంగా, మెత్తగా ఉంటే లోపల రక్తం పారుతోందని గుర్తు, అది తెగితే ధారగా కారుతుంది. తర్వాత సిరంజితో సెలైన్ నింపి, గాయం మీద అడ్డంగా పారేలా కొట్టండి. మీరు చల్లిన పౌడర్ ఈపాటికి రక్తంతో కలిసి గట్టి పెచ్చు కట్టి ఉంటుంది. అదంతా నాని, కొట్టుకుపోయి, అడుగున కండ ఎర్రగా, శుభ్రంగా కనిపించేదాకా కడగాలి. సెలైన్ ఎంత ఖర్చయినా ఫర్వాలేదు. పొరపాటున కూడా దూదితో రుద్దకండి, పీచు అతుక్కుపోతుంది. చివర్లో పోవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేంతగా నీళ్లలో కలిపి ఒకసారి పోయండి. సీసాలో ఉన్నది ఉన్నట్టుగా పోస్తే కొత్తగా పుట్టే కణాలు కూడా చస్తాయి. నురుగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కూడా వద్దు. నురుగు చూస్తే ఏదో పని జరుగుతోందనిపిస్తుంది కానీ, మానే గాయాన్ని అది వెనక్కి లాగుతుంది.

ఇదంతా వీపు గాయానికే. రెక్క కింది రంధ్రాల్లోకి మాత్రం సిరంజి పెట్టి నీళ్లు ఎక్కించకండి. కోడి ఒంట్లో ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులుంటాయి, అవి పక్కల నుంచి పొట్టదాకా పరుచుకుని ఉంటాయి. రెక్క మొదట్లోని పెద్ద ఎముక కూడా బోలే, అదీ ఆ గాలి దారిలో భాగమే. పన్ను అంతదాకా దిగి ఉంటే మీరు కొట్టిన నీళ్లు నేరుగా ఊపిరి దారిలోకి వెళ్తాయి. పైన, గాయాలకు వాడే పలచటి గాజ్ గుడ్డను తడిపి తుడిచి వదిలేయండి, లోపల కడగడం డాక్టర్ పని. ఆ చుట్టుపక్కల చర్మాన్ని వేలి కొనతో నెమ్మదిగా నొక్కి చూడండి. కింద గాలి చేరి కరకరలాడుతుంటే, చర్మం బుడగలా ఉబ్బి ఉంటే, ఊపిరి తీసినప్పుడల్లా రంధ్రం దగ్గర నురగ కనిపిస్తుంటే గాలి సంచి చిల్లు పడిందన్నమాట. అలాంటివి చాలావరకు మానిపోతాయి, కానీ ఆ సంగతి డాక్టర్‌కు వెళ్లగానే చెప్పాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఒక్కో ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతున్నా, తురాయి నీలంగా మారినా సాయంత్రం దాకా కూడా ఆగొద్దు.

గాయాలకు కుట్లు వేయించాలని పట్టుబట్టకండి. కాటు గాయాన్ని కుట్టి మూసేస్తే క్రిములను లోపల పెట్టి తలుపేసినట్టే. అందుకే చాలామంది డాక్టర్లు దాన్ని తెరిచే ఉంచుతారు. అరచేయంత చర్మం పోయాక అది ఎలా మూసుకుంటుందని మీకు అనుమానం రావచ్చు. అంచుల నుంచి లోపలికి మెల్లగా పాకుతూ వస్తుంది. నెల దాటినా దాటొచ్చు. ఎర్రగా, తడిగా, కాస్త గరుకుగా కనిపించే కండ వచ్చిందంటే గాయం సరైన దారిలో ఉన్నట్టు. కోడి చర్మం మానే తీరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది, నమ్మి ఓపిక పట్టండి. తొలి రోజుల్లో రెండు పూటలా, తర్వాత రోజుకోసారి కడిగితే చాలు. గాయం ఎండిపోకుండా డాక్టర్ చెప్పిన క్రీమ్ పలచగా రాయండి. కాలిన గాయాలకు వాడే సిల్వర్ సల్ఫాడయజిన్ తరచుగా రాసిస్తుంటారు. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్లు తీసి పూయకండి. మొద్దుబారడానికి వాడే బెంజోకేన్ లాంటివి కలిసినవి పక్షులకు ప్రమాదం, స్టిరాయిడ్ కలిసినవి వాటిలో రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తాయి. జిడ్డు మందు దట్టంగా పూస్తే చుట్టూ ఉన్న ఈకలు అతుక్కుపోయి చలికి వణుకుతుంది.

ఇప్పుడు మీ ఆకుపచ్చ రంగు సంగతి. అది కుళ్లు కాకపోవచ్చు, కమిలిన దెబ్బ కావడానికే ఎక్కువ అవకాశం. మనకు దెబ్బ తగిలితే నీలంగా కమిలి, తర్వాత పసుపు రంగుకు తిరుగుతుంది. కోడికి రెండో రోజుకల్లా ఆకుపచ్చగా మారుతుంది. చిట్లిన రక్తం విరిగేటప్పుడు ముందు బైలివెర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థం తయారవుతుంది. దాన్ని పసుపు రంగు పదార్థంగా మార్చే ఎంజైమ్ మన ఒంట్లో ఉంది, పక్షుల్లో లేదు. అంతే తేడా. కొన్ని రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. కుళ్లిన చర్మమైతే నల్లగా మారి, చల్లబడి, అంచులు ఎండిపోయి, దుర్వాసన వేస్తుంది. రోజూ ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి, కంటికంటే ముందు ముక్కే పసిగడుతుంది.

చీము విషయంలో కూడా మనుషుల లెక్క పనికిరాదు. కోడి చీము కారదు. పసుపుగా, గట్టిగా ముద్ద కడుతుంది. "చీమేమీ లేదు, శుభ్రంగా ఉంది" అని చాలామంది ధైర్యంగా ఉంటారు, లోపల ఆ ముద్ద పెరుగుతూనే ఉంటుంది. వారం తర్వాత రంధ్రాలున్న చోట గట్టి గడ్డ చేతికి తగిలితే మళ్లీ చూపించండి. మందుతో అది కరగదు, కోసి తీయాల్సిందే. పిండటానికి చూడకండి.

గాయం మీద పడ్డ ధ్యాసలో మనం మర్చిపోయేది వెచ్చదనం. ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. ఆ వేడి నిలబెట్టుకోవడానికే తిన్న తిండిలో చాలా భాగం ఖర్చవుతుంది. మీదేమో వీపు మీద ఈకలూ చర్మమూ పోయి ఉంది, పైగా మేత తినడం లేదు. ఒక అట్టపెట్టె గానీ పెద్ద గంప గానీ తీసుకుని, అడుగున పాత తువ్వాలు పరిచి, దాని మీద కాగితాలు వేయండి. పొట్టూ గడ్డీ వద్దు, గాయానికి అంటుకుంటాయి. పెట్టెలో 27 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. ఒక పక్కనే వేడి తగిలేలా చూడండి, ఎక్కువైతే రెండో పక్కకు జరిగే వీలుండాలి. తువ్వాల్లో చుట్టిన వేడినీళ్ల సీసా చాలు, చల్లారగానే మార్చండి. బల్బు పెడితే గుడ్డకు తగలకుండా ఎత్తులో పెట్టండి. ముక్కు తెరిచి ఒగరుస్తుంటే వేడి ఎక్కువైనట్టు. గది మసక చీకటిగా, సద్దు లేకుండా ఉండాలి.

మీ అమ్మాయికి ఇది చెప్పడం కష్టమే. పెట్టకు మనమంటే ఎంత ప్రేమున్నా, గాయంతో ఉన్నప్పుడు పదేపదే ఎత్తుకోవడం, నిమరడం దాని గుండె వేగం పెంచుతుంది. దెబ్బ తగిలిన కోడి తన నొప్పిని దాచుకుంటుంది, కిమ్మనకుండా కూర్చుంటే సుఖంగా ఉందని కాదు. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడమనండి, గొంతు దానికి తెలుసు. దానితో పాటు ఒక నోట్‌బుక్ ఇచ్చి అసలైన పని అప్పగించండి. రోజూ పొద్దున్నే మేతకు ముందు పెట్టను తూకం వేసి రాయాలి. ఎన్నిసార్లు రెట్ట వేసింది, ఏ రంగులో వేసింది, ఎంత తిన్నది, ఎన్ని నీళ్లు తాగింది, ఇవన్నీ రాయాలి. డాక్టర్‌కు మీరు చెప్పే పది మాటలకంటే ఆ నోట్‌బుక్‌లో ఒక పేజీ ఎక్కువ పనికొస్తుంది. బరువు మొదటి రోజుకంటే పదో వంతు తగ్గిపోతే ఊరుకోకూడదు.

ఆకుపచ్చ రెట్టకు కారణం కూడా మేత లేకపోవడమే అయి ఉండొచ్చు. పేగుల్లో తిండి లేనప్పుడు పైత్యరసం ఒక్కటే బయటికొస్తుంది. తినడం మొదలుపెట్టగానే రంగు మారాలి. తింటున్నా అలాగే ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానించాలి.

నీళ్లు తాగుతోంది కాబట్టి సగం బెంగ తీరింది. తొలి ఒకటి రెండు రోజులు లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి పెట్టండి. పక్కన మామూలు నీళ్లు కూడా ఉండాలి. ఆ తర్వాత మామూలు నీళ్లే. తాగనంటే ముక్కు కొస పక్కన ఒక్కో చుక్క వేయండి, అది మింగాక ఇంకో చుక్క. నోరు తెరిచి పోయొద్దు. నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం తెరుచుకుని ఉంటుంది, నీళ్లు అందులోకి పోతే మీ శ్రమంతా వృథా.

మేత అలవాటైనదే పెట్టండి, గోరువెచ్చని నీళ్లతో తడిపి మెత్తగా చేసి. ఉడికించి మెదిపిన గుడ్డు కొంచెం కలిపితే చాలా కోళ్లు వాసనకే వస్తాయి, మానే గాయానికి కావలసిన ప్రొటీనూ దొరుకుతుంది. గిన్నె అంచున వేలితో టకటకమని పొడిచినట్టు చేసి చూడండి. తోటి కోడి ఏరుకుంటోందనుకుని ముక్కు పెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెట్ట రోజుకు వంద గ్రాముల పైన తింటుంది, ఇప్పుడు అందులో మూడో వంతు తిన్నా సంతోషమే. మెడ కింద మేత నిలవ ఉండే సంచిని రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి తడిమి చూడండి. పొద్దునకు అది ఖాళీ కావాలి. నిండుగానే ఉంటే మేత కిందికి దిగడం లేదన్నమాట. అప్పుడు ఇంకా తినిపించొద్దు, డాక్టర్‌కు చెప్పండి. ఇంకో రోజు గడిచినా ఏమీ తినకపోతే గొట్టంతో తినిపించాల్సి రావచ్చు, అది నేర్చుకుని చేయాల్సిన పని, చూసి చేసేది కాదు.

ఈగలు. గాయం తెరిచి ఉంచమన్నాను కదా, దానికి మీరు కట్టాల్సిన మూల్యం ఇది. ఎండాకాలంలో ఒక్క రోజులో పురుగు పట్టేస్తుంది. పెట్టను ఇంట్లోనే ఉంచండి, పెట్టె మీద దోమతెర కప్పండి, కాగితాలు రెట్ట పడ్డప్పుడల్లా మార్చండి. గాయం అంచున, ఈకల మొదళ్లలో, ముడ్డి దగ్గర తెల్లటి సన్నటి గుడ్లు గుత్తిగా కనిపిస్తే పట్కారుతో ఏరేయండి. పురుగులు కనిపిస్తే సెలైన్‌తో కడిగి, వెంటనే తీసుకెళ్లండి. పశువులకు వాడే పురుగుమందు స్ప్రే కొట్టకండి, అందులో ఏముందో కోడికి పడుతుందో లేదో తెలియకుండా తెరిచిన కండ మీద కొట్టే మందు కాదది.

మందుల గురించి క్లుప్తంగా. యాంటిబయాటిక్ ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వేయాలి, లేచి తిరుగుతోందని మధ్యలో ఆపకూడదు. నొప్పికి మెలాక్సికామ్ లాంటిది అడగండి. నొప్పి తగ్గితేనే తిండి మీదికి మనసు పోతుంది, చాలామంది ఆ సంగతి అడగడమే మర్చిపోతారు. మోతాదు కోడికి వేరు, మీ ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్ర విరిచి వేయకండి. ఈ మందులు గుడ్లలోకి వస్తాయి. ఎన్నాళ్లు తినకూడదో డాక్టర్‌ను అడిగి, అన్నాళ్లూ ఆ గుడ్లు పారేయండి.

గుడ్ల మాట వచ్చింది కాబట్టి. ఒక గుడ్డు తయారవడానికి దాదాపు 25 గంటలు పడుతుంది. దాడి జరిగేటప్పటికి లోపల ఒక గుడ్డు ఉండి ఉండొచ్చు. పెట్ట నిటారుగా నిలబడి ముక్కుతున్నా, పొట్ట గట్టిగా ఉబ్బినా ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పండి. అలాంటిదేమీ లేకపోతే, ఇక కొన్ని వారాలు గుడ్డు పెట్టకపోవడమే దానికి మేలు. మసక వెలుతురులో ఉంచితే గుడ్లు పెట్టడం తొందరగా ఆగుతుంది, ఆ బలం గాయానికి పోతుంది.

మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ మాటలో ఒక ప్రశ్న ఉంది, దానికి జవాబు చెప్పుకోవాల్సిందే: ఎక్కడ ఆపాలి? పేగులు బయటికి వచ్చినా, రెండు కాళ్లూ పడిపోయి వేలు గట్టిగా నొక్కినా వెనక్కి లాక్కోకపోయినా, మందు పడి మూడు నాలుగు రోజులైనా బరువు పడిపోతూనే ఉన్నా, ఊపిరికే అల్లాడుతున్నా, నొప్పి లేకుండా పంపేయమని డాక్టర్‌ను అడగడం తప్పు కాదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ లక్షణాలేవీ మీ పెట్టకు లేవు. గాయం చూడటానికి ఘోరంగా ఉండటం ఒక్కటే దాని ఆశ వదులుకోవడానికి కారణం కాదు. హంగామా అంటారా, ఇంట్లో అందరూ ఇష్టపడే ప్రాణి కోసం రెండు పూటలా పావుగంట పెట్టడాన్ని నేను హంగామా అనను.

మిగతా కోళ్లతో కలపడానికి తొందరపడకండి. ఎర్రటి గాయం కనిపిస్తే కోళ్లు ఊరుకోవు, నిన్నటి స్నేహితురాలని కూడా చూడకుండా పొడిచి పొడిచి కండ తీస్తాయి. అలాగని పూర్తిగా దూరం చేసినా చిక్కే. నాలుగైదు రోజులకు అది కాస్త తేరుకున్నాక, పగలు కొంతసేపు జాలీ అడ్డుపెట్టి మిగతావాటికి కనిపించేలా ఉంచండి. ఒంటరితనం తగ్గి మేత కూడా బాగా తింటుంది, మంద దాన్ని మర్చిపోకుండా ఉంటుంది. గాయం పూర్తిగా మూసుకుని, పైన పొడి చర్మం వచ్చి, కనీసం మొలక ఈకలు కప్పాకే జాలీ తీయండి. కుక్క పీకేసిన ఈకలు కొన్ని వారాల్లో మొలకెత్తుతాయి, మీరు కత్తిరించినవి మాత్రం మళ్లీ పాత ఈకలు రాల్చే కాలం దాకా రావు. తోక వైపు అందం రావడానికి టైం పడుతుంది. కలిపే మొదటి రోజు మీకు పనేమీ లేని రోజు చూసుకోండి. మేత రెండు మూడు చోట్ల పెట్టి, పక్కనే ఉండి గమనించండి. ఒకటీ అరా పొడుపులు మామూలే, ఎవరు పెద్ద అన్నది మళ్లీ తేల్చుకుంటున్నాయి. రక్తం కళ్లజూసేదాకా వస్తే మళ్లీ విడదీయండి.

కుక్క మళ్లీ వస్తుందనే అనుకుని ఏర్పాట్లు చేసుకోండి. పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకోకుండా, గాయం ఫొటోలు చూపించి, కుక్కను కట్టి ఉంచమని మర్యాదగానే చెప్పండి. వాళ్ల మాట మీదే ఆధారపడొద్దు. కోళ్లకని అమ్మే పలచటి ఆరు కోణాల జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను బయట ఆపదు, పళ్లతో చింపేస్తుంది. మందపాటి తీగతో అతికించిన చిన్న చదరాల జాలీ వేయించండి. కింద నుంచి తవ్వకుండా, అదే జాలీని బయటి వైపు నేల మీద అడుగున్నర వెడల్పున పరిచి మేకులు దిగ్గొట్టి పైన మట్టి కప్పండి. గేటు కింద సందును పెట్ట కోలుకునేదాకా ఆగకుండా ఇవాళే మూయించండి, మిగతా కోళ్లు ఇంకా ఆ పెరట్లోనే తిరుగుతున్నాయి కదా.